బాబాయ్ తాళంగుత్తికి వేలాడే పెన్‌డ్రైవ్

మా బాబాయ్‌కి తణుకులో జిరాక్స్ షాపు ఉంది. జిరాక్స్ అన్నది బోర్డు మీద పేరుకే, ఇప్పుడు అక్కడ నడిచేదంతా ఆన్‌లైన్ పనే, హాల్‌టికెట్లు, ఆధార్ ప్రింట్లు, ఈఏపీసెట్ అప్లికేషన్లు, కరెంటు బిల్లులు. కంప్యూటర్ ఒక్కటే, అదీ సెకండ్‌హ్యాండ్‌లో కొన్న విండోస్ 10 డబ్బా. అది మొరాయించిన ప్రతిసారీ మియాపూర్‌లో ఉన్న నాకు ఫోన్ వస్తుంది, నేను ఆఫీసులో ఉన్నానా, అన్నం తింటున్నానా అన్న లెక్కేం ఉండదు.

మొదట్లో ఫోన్‌లోనే చెప్పేవాణ్ని. "బాబాయ్, కింద ఎడంపక్క స్టార్ట్ నొక్కు" అంటే "నొక్కాను, ఏదో వచ్చింది" అంటాడు, ఆ ఏదో ఏంటో కనుక్కునేసరికి నాకు సగం బీపీ వచ్చేది. అందుకే రెండేళ్ల కిందట సంక్రాంతికి వెళ్లినప్పుడు 16 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి కొని, అందులో ఆయన కంప్యూటర్‌ని ఇక్కడినుంచే చూసి నడిపే రిమోట్ సాఫ్ట్‌వేర్ వేసి, ఆయన షాపు తాళంగుత్తికే కట్టేసి వచ్చా.

ఇన్‌స్టాల్ చేసేస్తే పోయేదిగా, పెన్‌డ్రైవ్ ఎందుకు అని మా తమ్ముడు అడిగాడు. ఇన్‌స్టాల్ చేసి పర్మనెంట్ పాస్‌వర్డ్ పెట్టేస్తే కంప్యూటర్ ఆన్ అయినప్పటినుంచి అది వెనకాల సర్వీస్‌లా కూర్చునే ఉంటుంది, పాస్‌వర్డ్ తెలిసినవాడు ఎప్పుడైనా దూరొచ్చు. ఆ షాపులో బాబాయ్ బ్యాంకు పని కూడా ఆ సిస్టమ్‌లోనే చేస్తాడు, మధ్యాహ్నం ఆయన భోజనానికెళ్తే పనిచేసే కుర్రాడు కూర్చుంటాడు, వచ్చినోళ్లంతా వాళ్ల పెన్‌డ్రైవ్‌లు గుచ్చుతుంటారు. అలాంటి చోట ఎప్పుడూ తెరిచి ఉండే తలుపు నాకు నచ్చలేదు. పోర్టబుల్ అయితే, అంటే ఇన్‌స్టాల్ చేయకుండా నేరుగా నడిచేదైతే, ఆయనే డబుల్‌క్లిక్ చేయాలి, తెర మీద వచ్చే నంబరూ పాస్‌వర్డూ ఆయనే చదవాలి, పనయ్యాక ఆయనే మూసేయాలి. లోపలి గడియ ఆయన తీస్తేనే నేను లోపలికి రావడం అన్నమాట.

ముందు ఏది వాడానో పేరెందుకులెండి, ఇది షాపు సిస్టమ్ అని ఎలా పసిగట్టిందో ఏమో, కమర్షియల్ వాడకం అని ఐదు నిమిషాలకోసారి కనెక్షన్ తెంపేసేది. నిజానికి దాని తప్పేం లేదు, ఫ్రీగా ఇచ్చేది ఇంట్లో వాడుకోవడానికి, షాపులో వాడింది మేము. తర్వాత రస్ట్‌డెస్క్ అనే ఇంకో రిమోట్ సాఫ్ట్‌వేర్‌కి మారా. ఓపెన్ సోర్స్, ఒకటే ఈఎక్స్ఈ ఫైలు, డబుల్‌క్లిక్ చేస్తే చాలు. కావాలంటే రెండు సిస్టమ్‌లనీ కలిపే సర్వర్ కూడా మన సొంతది పెట్టుకోవచ్చు. ఇందులో నాకు తెగ నచ్చిన తమాషా ఏంటంటే ఆ ఈఎక్స్ఈ పేరులోనే మన సర్వర్ అడ్రసు, కీ రాసి రీనేమ్ చేస్తే అది తెరుచుకోగానే ఆ పేరు చదువుకుని తిన్నగా మన సర్వర్‌కే కనెక్ట్ అవుతుంది, బాబాయ్ సెట్టింగ్స్ జోలికి పోవాల్సిన పనే లేదు.

ఇక అసలు కథ. గత వేసవిలో ఒకరోజు ప్రింటర్ ఆగిపోయింది. షాపులో ఆరుగురు పిల్లలు హాల్‌టికెట్ల కోసం నిలబడ్డారు, తెల్లారితే పరీక్ష. కనెక్ట్ అయి చూస్తే క్యూలో ఒక ప్రింట్ ఇరుక్కుపోయి, డిలీట్ కొడితే "డిలీటింగ్" అని చూపిస్తూ అలాగే కూర్చుంది. దీనికి మందు తెలిసిందే, ప్రింట్ల వరసని చూసుకునే ప్రింట్ స్పూలర్ సర్వీస్ ఆపి, సిస్టమ్32లో స్పూల్ ఫోల్డర్, దాని లోపల ప్రింటర్స్ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ తీసేసి మళ్లీ స్టార్ట్ చేయడమే, రెండు నిమిషాల పని. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవబోయా, అంతే, నా స్క్రీన్ మొత్తం నల్లగా అయిపోయింది. నెట్ పోయిందేమో అనుకున్నా.

"బాబాయ్, నీకేం కనిపిస్తోంది?"

"స్క్రీనంతా మసకేసి మధ్యలో ఓ డబ్బా వచ్చిందిరా, ఎస్, నో అని ఉంది."

"ఎస్ నొక్కు."

"ఎవడో తెలీకుండా ఎస్ నొక్కొద్దని నువ్వేగా చెప్పావు!"

నిజమే, నేనే చెప్పా. ఆయన నేర్చుకున్న ఒకే ఒక్క పాఠం నా మీదకే తిరిగింది.

ఆ డబ్బా వచ్చేటప్పుడు విండోస్ మామూలు డెస్క్‌టాప్‌ని పక్కన పెట్టి వేరే సెక్యూర్ డెస్క్‌టాప్‌లో దాన్ని చూపిస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి మామూలు యూజర్‌గా నడుస్తున్న ప్రోగ్రామ్‌కి దాన్ని చూసే హక్కు లేదు, అందులో మౌస్ కదిపే హక్కూ లేదు. ఇది బగ్ కాదు, ఏదో వైరస్ దానంతటదే ఎస్ నొక్కేసుకోకుండా కట్టిన గోడ. ఇన్‌స్టాల్ చేసిన దానికైతే సర్వీస్ ఉంటుంది కాబట్టి గోడ దాటుతుంది, పోర్టబుల్‌కి ఆ సౌకర్యం లేదు. మొదట్లోనే రైట్‌క్లిక్ కొట్టి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అని తెరిస్తే తంటా తప్పుతుంది, లేదా కనెక్ట్ అయ్యాక ఇవతలనుంచి ఎలివేషన్, అంటే అడ్మిన్ హక్కులు, అడగొచ్చు, అప్పుడు కూడా అవతల మనిషి ఒక్కసారైనా ఎస్ అనాల్సిందే. ఇదంతా ఆరుగురు పిల్లలు నిలబడి ఉండగా ఫోన్‌లో చెప్పడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. చివరికి రైట్‌క్లిక్ అంటే ఏ బటనో కూడా చెప్పి, మళ్లీ తెరిపించి, స్పూలర్ క్లియర్ చేసి, మొదటి హాల్‌టికెట్ బయటికొస్తున్న చప్పుడు ఫోన్‌లో వినిపించాకే కుర్చీలో వెనక్కి వాలా.

పోర్టబుల్ అంటే ఆనవాలు మిగలదు అని చాలామంది అనుకుంటారు, అది తప్పు. ఎనీడెస్క్ అని ఇలాంటిదే ఇంకోటుంది, దాన్ని పెన్‌డ్రైవ్ నుంచి నడిపినా ఆ కంప్యూటర్‌లో యాప్‌డేటా అనే యూజర్ ఫోల్డర్‌లో దాని ఫోల్డర్ ఒకటి తయారవుతుంది, లాగ్ ఫైలూ సెట్టింగ్సూ అక్కడే ఉంటాయి. రస్ట్‌డెస్క్ కూడా అంతే. నెట్ సెంటర్‌లో కూర్చుని మీ ఇంటి సిస్టమ్‌కి కనెక్ట్ అయ్యే అలవాటు ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి, ఆ కంప్యూటర్‌లో నొక్కిన ప్రతి కీని రాసుకునే కీలాగర్ ఉంటే మీరు కొట్టిన పాస్‌వర్డ్ పోయినట్టే, మీ పెన్‌డ్రైవ్ ఎంత శుభ్రమైనదైనా. అసలు శుభ్రంగా ఉంటుందన్న నమ్మకమూ లేదు, బాబాయ్ పెన్‌డ్రైవ్‌కి మూడో నెలలోనే షార్ట్‌కట్ వైరస్ పట్టింది, ఫోల్డర్లన్నీ మాయమై షార్ట్‌కట్‌లు మిగిలాయి, దాగిన ఫైళ్లని మళ్లీ చూపించే అట్రిబ్ కమాండ్ కొట్టి బయటికి లాగా గానీ ఆ ఈఎక్స్ఈని మళ్లీ నమ్మబుద్ధి కాక ఫార్మాట్ చేయించి కొత్తది దింపించా.

ఇంకో మాట, రిమోట్ సాఫ్ట్‌వేర్ ఇంత తేలిగ్గా ఉండటం మనకెంత హాయో మోసగాళ్లకీ అంతే హాయి. 2019 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకు ఎనీడెస్క్ పేరు చెప్పి మరీ బ్యాంకులను హెచ్చరించింది, ఫోన్ చేసి ఆ యాప్ వేయించి, తొమ్మిదంకెల కోడ్ చెప్పించుకుని డబ్బులు లాగేస్తున్నారని. అందుకే బాబాయ్‌కి ఒకటే రూలు, ఫోన్ ఆయన చేయాలి, నేను కాదు. నా గొంతుతో ఎవడైనా చేసి "నంబరు చెప్పు బాబాయ్" అంటే పెట్టేయాలి. ఒకవేళ డబ్బు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టమని కౌంటర్ గోడ మీద స్కెచ్‌పెన్‌తో రాసి అంటించా.

పెన్‌డ్రైవ్‌తో ఇంకో బాధ, అందులో వేసింది వేసినట్టే పాతబడుతుంది. 2024 ఫిబ్రవరిలో ఎనీడెస్క్ వాళ్ల సర్వర్లలోకి ఎవరో చొరబడ్డారని కంపెనీయే ప్రకటించి, ప్రోగ్రామ్ అసలుదేనని చూపించే పాత సర్టిఫికెట్ రద్దు చేసి కొత్త వెర్షన్ వేసుకోమంది. ఎక్కడో తాళంగుత్తికి వేలాడుతున్న కాపీకి ఆ కబురు ఎవరు చెప్తారు? వాడేవాడే గుర్తుపెట్టుకుని మార్చాలి. మొన్న చూస్తే బాబాయ్ దగ్గరున్నది కూడా పాతబడి ఉంది. పండక్కి వచ్చినప్పుడు కొత్తది వేస్తాలే అన్నా.

"సరేరా, వచ్చేటప్పుడు హైదరాబాద్‌లో టోనర్ చవకేమో చూసి రెండు పట్రా" అన్నాడు.