మెల్‌రోజ్‌లో ఒక రాజు గుండె

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరాలో రైలెక్కితే గంటలో ట్వీడ్‌బ్యాంక్. 1969లో మూసేసిన ఈ దారిలో 2015లో మళ్లీ రైళ్లు మొదలయ్యాయి. అక్కడ దిగి నేనూ మా అబ్బాయీ ట్వీడ్ నది ఒడ్డున నడుచుకుంటూ మెల్‌రోజ్ చేరాం. ఊరి వెనక మూడు శిఖరాల ఐల్డన్ కొండలు. మైకేల్ స్కాట్ అనే మాంత్రికుడు చెబితే ఒక దయ్యం ఒకే కొండను మూడుగా చీల్చిందట. ఆ కొండ మీదే థామస్ అనే కవిని దేవకన్యల రాణి ఏడేళ్లు తన లోకానికి తీసుకెళ్లి, అబద్ధం ఆడలేని నాలుకనిచ్చి పంపిందని ఇక్కడి స్థలపురాణం.

నేను వచ్చింది మాత్రం మఠం కోసం. 1136లో మొదటి డేవిడ్ రాజు స్థాపించాడు. ఇంగ్లండ్ సరిహద్దు దగ్గర్లోనే ఉండటంతో యుద్ధం వచ్చినప్పుడల్లా దీని మీదే దెబ్బ. 1385లో ఇంగ్లండ్ రాజు రెండవ రిచర్డ్ సైన్యం తగలబెట్టింది. ఇప్పుడు కనిపించే ఎర్రరాతి గోడలు చాలావరకు ఆ తర్వాత కట్టినవే. కప్పు అంచున సన్నాయిలాంటి బ్యాగ్‌పైప్ ఊదుతున్న పంది బొమ్మ ఉంది. దాన్ని మావాడే ముందు కనిపెట్టాడు.

స్కాట్లాండ్ రాజు రాబర్ట్ బ్రూస్ 1329లో చనిపోయాడు. మతయుద్ధానికి వెళ్తానన్న మొక్కు తీరలేదు. కనీసం తన గుండెనైనా తీసుకెళ్లమని నమ్మినబంటు జేమ్స్ డగ్లస్‌ని అడిగాడు. డగ్లస్ దాన్ని వెండి భరిణెలో పెట్టి మెడలో వేసుకుని బయల్దేరి, 1330లో స్పెయిన్‌లోని టేబా దగ్గర పోరాటంలో నేలకొరిగాడు. చివరి క్షణంలో భరిణెను శత్రువుల మధ్యకు విసిరి, "ఎప్పటిలాగే ముందు నువ్వు నడువు" అన్నాడని చెప్పుకుంటారు. ఇది నిజమో కాదో గాని, చదివిన ప్రతిసారీ నా గొంతు పూడుకుపోతుంది. గుండె మాత్రం వెనక్కి, ఈ మఠానికే వచ్చింది.

1996లో తవ్వినప్పుడు సీసపు పెట్టె ఒకటి బయటపడింది. అందులో మరో చిన్న సీసపు భరిణె. ఈ భరిణె 1921లోనే ఒకసారి దొరికిందని పక్కనున్న రేకు చెప్పింది. లోపలి భరిణెను తెరవలేదు. అది బ్రూస్ గుండేనని తేల్చే దారి లేదు. అయినా 1998లో గౌరవంగా మళ్లీ పూడ్చిపెట్టారు.

ఆ చోట గుండ్రటి రాయి. దాని మీద గుండె, స్కాట్లాండ్ జెండాలోని ఏటవాలు శిలువ పెనవేసుకుని ఉన్నాయి. స్వేచ్ఛ లేకపోతే గొప్ప గుండెకు శాంతి ఉండదని చుట్టూ పాత స్కాట్స్ భాషలో చెక్కారు.

"లోపల ఇంకా ఉందా నాన్నా?"

"ఉందనే నమ్ముతున్నారు రా."

వాన తుంపర మొదలైంది. వాడు మోకాళ్ల మీద కూర్చుని, చొక్కా చేతితో ఆ రాతి మీది తడిని తుడిచాడు.