పెరట్లో పిట్టలకి ఏం పెట్టాలి

పిట్టలకి ఏదో ఒకటి పెడదామని చాలామంది మిక్చరో, కూర కలిపిన అన్నమో వేసేస్తారు, దయచేసి ఉప్పూ కారం ఉన్నవి పెట్టకండి. పిచ్చుకలకైతే కొర్రలు, సజ్జలు, నూకలు చాలు. కోతలప్పుడు దొరికితే ఒక వరి కంకుల కుచ్చు చూరుకి కట్టండి, అవి తలకిందులుగా వేలాడుతూ ఒక్కో గింజా ముక్కుతో నొక్కి పొట్టు కింద రాలుస్తూ తింటుంటే ఎంతసేపైనా చూడొచ్చు. పిగిలిపిట్టలకి మాత్రం బాగా పండిన బొప్పాయి ముక్కో, జామపండో కావాలి. తేనెపిట్టకి పంచదార నీళ్ళు అక్కర్లేదు, మందార మొక్క వేయండి.

ఇంకోటి, గింజలు తినే పిచ్చుక కూడా పిల్లలకి పురుగులే తెచ్చి పెడుతుంది, అందుకే మొక్కలకి పురుగుల మందు కొట్టడం మానేయాలి, నా లెక్కలో అన్నిటికంటే ఇదే ముఖ్యం. ఎండాకాలం మట్టి మూకుడులో నీళ్ళు పెట్టి, రోజూ కడిగి మార్చండి.