వెలుగును మింగిన ఉప్పు

ఈరోజు ఉదయం పని ఎంత సాఫీగా సాగిందో, మధ్యాహ్నం అంతగా మొరాయించింది. మరిచిపోకముందే రాసుకోవాలి.

ముందుగా మలేరియాకు వాడే క్వినైన్ మాత్రలు. ఇరవై మాత్రలు తూచి మెత్తగా నూరి, ఒక మాత్రకు సరిపడే పొడిని లీటరు పలచని గంధకామ్లంలో కరిగించి వడపోశాను. లేబుల్ మీద ఉన్నది 300 మిల్లీగ్రాములు. ఆ ద్రావణాన్ని ఇంకా వెయ్యి రెట్లు పలచన చేస్తే మిల్లీలీటరుకు 0.3 మైక్రోగ్రాములు మిగులుతుంది. కంటికి అది ఉత్త నీరే. ఇలాంటి వెలుగును కొలిచే ఫ్లోరిమీటరు యంత్రంలో పెట్టి 350 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి పడేలా చేస్తే మాత్రం 450 దగ్గర నీలి వెలుగు లేస్తుంది. లెక్క కడితే 297 మిల్లీగ్రాములు వచ్చింది. మాత్రలో కలిపిన పిండీ, జిగురూ అడ్డు రాలేదు.

ఈ పద్ధతి మీద నాకున్న ఇష్టానికి కారణం దాని అమరికే. మందు ఎంత కాంతిని పీల్చుకుందో కొలిచే పద్ధతిలో, పెద్ద వెలుగులో తగ్గిన పిసరంత తేడాను వెతకాలి. ఇక్కడ దీపం కాంతి నేరుగా ముందుకు పోతుంది, మనం పక్కనుంచి, లంబకోణంలో చూస్తాం. మందు లేకపోతే అక్కడ చీకటి తప్ప ఏమీ ఉండకూడదు. అమావాస్య రాత్రి ఒక్క మిణుగురైనా కనిపిస్తుంది కదా, అలాగ. గాఢత మరీ ఎక్కువైతే ముందున్న పొరే కాంతినంతా తాగేసి రీడింగు తగ్గిపోతుంది. అందుకే అంత పలచన.

మధ్యాహ్నం ప్లాస్మా పని, అంటే రక్తంలోంచి కణాలు తీసేశాక మిగిలే ద్రవంతో పని. మందు లేని ప్లాస్మాలో మిల్లీలీటరుకు 5 మైక్రోగ్రాముల చొప్పున క్వినైన్‌ను నేనే కలిపాను. ఎంత కలిపానో తెలుసు కాబట్టి అంతా తిరిగి రావాలి. రక్తంలో క్వినైన్‌లో ఎక్కువ భాగం ప్రోటీన్లను అంటిపెట్టుకుని ఉంటుంది. ఆమ్లం పోసి ప్రోటీన్లను విరిచి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన ద్రవాన్ని మొత్తం మీద పదింతలయ్యేలా పలచన చేసి చూశాను. లెక్క కడితే మిల్లీలీటరు ప్లాస్మాకు వచ్చింది 2.2. సగం కూడా లేదు.

పిపెట్‌ను అనుమానించాను. నీరు తూచి చూస్తే అది సరిగానే ఉంది. మందు ప్రోటీన్ ముద్దలో ఉండిపోయిందేమోనని ముద్దను మళ్ళీ ఆమ్లంతో కడిగాను. చెప్పుకోదగ్గదేమీ రాలేదు. మూడోసారి చేసినా అదే 2.2. చేతి పొరపాటు ప్రతిసారీ ఒకే అంకె ఇవ్వదు. మందును ఏదో పట్టి ఆపుతోందన్నమాట.

పక్క బల్ల దగ్గర పనిచేసే పెద్దావిడకు చెప్పాను. ఆవిడ రీడింగు కేసి చూడనైనా చూడలేదు. "ప్లాస్మాలో ఉప్పుంటుంది కదమ్మా, దాన్ని ఎక్కడికి పంపావు?" అన్నారు.

ఉదయం మిగిలిన క్వినైన్ ద్రావణాన్ని రెండు గొట్టాల్లో పోసి, ఒకదానిలో కాస్త ఉప్పునీరు కలిపి, చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద పెట్టాను. ఒకటి నీలంగా వెలుగుతోంది. రెండోది నా కళ్ళ ముందే మసకబారింది. 1845లో శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ క్వినైన్ ద్రావణం మీద చూసి ఆశ్చర్యపోయిన నీలిమ ఇదే. 1852లో మరో శాస్త్రవేత్త స్టోక్స్ ఈ వెలుగుకు ఫ్లోరోసెన్స్ అన్న పేరు పెట్టాడు. అంత పాత వెలుగును చిటికెడు ఉప్పు ఆర్పుతుందని పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను కూడా. ఇవాళ తెలిసింది.

కాంతి తాగి ఉద్రేకంలో ఉన్న క్వినైన్ అణువును క్లోరైడు ఢీకొంటే, ఆ అణువు వెలుగు ఇవ్వకుండానే చల్లబడిపోతుంది. మందు ఎక్కడికీ పోలేదు, ఉన్నానని చెప్పే నోరు మూతపడింది. లీటరు ప్లాస్మాలో సుమారు 100 మిల్లీమోల్‌ల క్లోరైడు ఉంటుంది. పది రెట్లు పలచన చేశాక మిగిలినది కూడా ఇంత పని చేసింది. ఉదయం హైడ్రోక్లోరిక్ ఆమ్లం కాకుండా గంధకామ్లమే ఎందుకు వాడానో కూడా అప్పుడు తట్టింది. పద్ధతిలో అలా ఉంది కాబట్టి వాడాను, అంతే.

నన్ను భయపెట్టింది అంకె తగ్గడం కాదు, తగ్గిన అంకె నమ్మదగినట్టే ఉండటం. ఇది రోగి నమూనా అయితే 2.2 అని రాసి పంపేదాన్ని. మందు చాలడం లేదనుకుని డాక్టరు మోతాదు పెంచేవారు. క్వినైన్ ఎక్కువైతే చెవుల్లో హోరు పుడుతుంది, చూపు దెబ్బతింటుంది, గుండె లయ తప్పుతుంది.

సాయంత్రం పద్ధతి మార్చాను. ప్లాస్మాను క్షారంతో కలిపితే క్వినైన్ నీటిని వదిలి, నీటిలో కలవని సేంద్రియ ద్రావణిలోకి చేరుతుంది, ఉప్పు నీటిలోనే ఉండిపోతుంది. ఆ ద్రావణిని వేరుచేసి పలచని గంధకామ్లంతో కుదిపితే మందు తిరిగి ఆమ్లంలోకి వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో న్యూయార్క్‌లోని గోల్డ్‌వాటర్ మెమోరియల్ ఆసుపత్రిలో బ్రోడీ, యూడెన్‌ఫ్రెండ్ అనే శాస్త్రవేత్తలు మలేరియా మందు అటాబ్రిన్‌ను ప్లాస్మాలో కొలిచిందీ ఇలా ద్రావణిలోకి లాగి, దాని వెలుగును చూసే. ఆ కొలతల వల్లే మొదట పెద్ద మోతాదు, తర్వాత చిన్న మోతాదులు ఇవ్వాలని తేలింది. ప్లాస్మాలోంచి ద్రావణిలోకి మందును దాటించే ఆ ఓపికను ఇవాళ మనసారా గౌరవించాను.

4.6 వచ్చింది. మందు కలపని ప్లాస్మాను కూడా అన్ని దశలూ దాటించి చూశాను, దాదాపు చీకటే. ఇలాంటి పద్ధతులకు 15 శాతం తేడా వరకు ఒప్పుకుంటారు, నాది 8 శాతం.

అయినా రోగుల నమూనాలను ఇంకా ముట్టుకోను. కాలేయం క్వినైన్‌ను మార్చి తయారుచేసే 3-హైడ్రాక్సీక్వినైన్ కూడా వెలుగుతుంది, క్వినైన్‌తో పాటే ద్రావణిలోకి రాగలదు. అంటే ఈసారి అంకె ఎక్కువగా రావచ్చు. ముందు క్రొమటోగ్రఫీ కాలమ్‌లో రెండింటినీ విడదీసి, ఆ తర్వాతే వెలుగు కొలవాలి. రేపు కాలమ్ కడగడంతో మొదలుపెడతాను. ఉప్పు కలిపిన గొట్టం మీద తేదీ రాసి బల్ల మీదే ఉంచాను.