పాయింట్ రెండు ఐదు ఆరు

మొన్న శుక్రవారం మా తాతయ్య తుపాకీ ఇంటికొచ్చింది. దాని లైసెన్సు నా పేరు మీదికి మార్చమని దరఖాస్తు పెట్టిన దగ్గర్నుంచి లెక్కేస్తే 18 నెలలు. కోపం చల్లారితే ఇంత వివరంగా రాయలేనని ఇప్పుడే రాసేస్తున్నాను.

అది ఆస్ట్రియాలో స్టెయర్ అనే ఊళ్ళో తయారైన మాన్‌లికర్-షోనావర్ రైఫిల్, 1903 మోడల్. గొట్టం సుమారు 18 అంగుళాలే. దాని కింద కర్ర మూతి దాకా సాగి, చివర చిన్న ఉక్కు తొడుగుతో ఆగుతుంది. ఆల్ప్స్ కొండల్లో వీపుకి తగిలించుకుని రాళ్ళ మధ్య ఎక్కేవాళ్ళకి ఇలా పొట్టిగా ఉంటేనే వీలు. ఇలాంటివాటిని జర్మన్‌లో స్టుట్‌జెన్ అంటారు. బోల్ట్ పిడి గరిటె కాడలా చదునుగా ఒంటికి ఆనుకుని ఉంటుంది. ట్రిగ్గర్లు రెండు. వెనకది ఒకసారి నొక్కి వదిలాక ముందుది ఇలా తాకితే చాలు. లోపల ఐదు తూటాలు చిన్న గిలక చుట్టూ కూర్చుంటాయి. బోల్ట్ వెనక్కి లాగి ముందుకి తోస్తే చప్పుడు రాదు, వెన్నలో వేలు పెట్టినట్టుంటుంది. రైఫిల్‌కి పేరిచ్చిన ఇద్దరిలో ఒకడైన ఒట్టో షోనావర్ బుర్రలోంచి వచ్చింది ఆ గిలక. రెండోవాడు మాన్‌లికర్ 1904లోనే పోయాడు. కారమోజో బెల్ అనే వేటగాడు ఆఫ్రికాలో ఈ 6.5 మిల్లీమీటర్ల తూటాతో ఏనుగుల్ని కొట్టాడు. మెచ్చుకోడానికి చెప్పడం లేదు, ఇంత సన్నటి తూటా ఎంత పని చేసేదో తెలియడానికి చెప్తున్నాను.

జమీందారీలు రద్దయ్యాక ఒక దొరగారు సామాన్లు అమ్ముకుంటుంటే 1951లో తాతయ్య మద్రాసులో కొన్నారు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక వేట మాటే లేదు. అప్పట్నుంచి ఏడాదికోసారి ఆయుధ పూజనాడు బొట్టు పెట్టించుకోవడమే దాని పని. 1981లో లైసెన్సు నాన్న పేరు మీదికి మారింది. 2023లో నాన్న పోయారు.

ఇక్కడ ఒక మాట. లైసెన్సుదారుకి 70 ఏళ్ళు నిండినా, తుపాకీ 25 ఏళ్ళుగా తన దగ్గరే ఉన్నా, బతికుండగానే వారసుడి పేరు మీదికి మార్చుకునే వీలు 2016 ఆయుధ నియమాల్లో ఉంది. నాన్నకి ఆ రెండూ వర్తించేవి. అడిగితే ‘నేనెప్పుడు పోతానా అని చూస్తున్నావా’ అంటారేమోనని నేను అడగలేదు. మీరు అడగండి.

మొదటి మెట్లు తేలికే. తుపాకీని లైసెన్సున్న షాపులో డిపాజిట్ చేసి రసీదు తీసుకున్నాను. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెచ్చాను. అమ్మ, అక్క అభ్యంతరం లేదని అఫిడవిట్ ఇచ్చారు. డాక్టరు సర్టిఫికెట్, తుపాకీ వాడకంలో శిక్షణ సర్టిఫికెట్ అయ్యాయి. జనవరి 2024లో దరఖాస్తు పెట్టాను. మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది, జూన్ దాకా ఫైలు ముట్టుకున్న నాథుడు లేడు. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు పాత రికార్డు పాత జిల్లాలోనే ఉండిపోయిందట, అది రావడానికి ఇంకో రెండు నెలలు.

ఆగస్టులో ఆయుధ లైసెన్సుల సెక్షన్ నుంచి ఫోన్. వెళ్ళాను. సీట్లో ఉన్నాయన నాన్న లైసెన్సు పుస్తకం, షాపు రసీదు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

“నంబరు కలిసింది. బోరు కలవలేదు. పుస్తకంలో .256 అని ఉంది. రసీదులో 6.5 ఉంది. ఆ .256 రైఫిల్ ఏం చేశారు?”

“రెండూ ఒకటే సార్. గొట్టం లోపలి వెడల్పుని ఇంగ్లీషువాళ్ళు అంగుళాల్లో .256 అనేవాళ్ళు, ఆస్ట్రియావాళ్ళు మిల్లీమీటర్లలో 6.5 అన్నారు,” అని ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి .256ని 25.4తో గుణించి చూపించాను. తెర మీద 6.5024 అని వచ్చింది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు. “సరిగ్గా 6.5 రాలేదుగా?”

వెనక లైన్లో ఎవరో నవ్వారు. నేను ఇరవై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పాను. ఆ 0.0024 ఎక్కడిదో చెప్పమని అడిగితే నోట మాట రాలేదు. ‘రెండు తుపాకులు ఉండేవి, ఒకటి మాయమైంది’ అన్న అనుమానంతో ఫైలు పోలీసు విచారణకి వెళ్ళింది.

స్టేషన్‌కి ఉదయం పదింటికి రమ్మన్నారు. మూడింటి దాకా బెంచీ మీద కూర్చోబెట్టారు, పక్కన గొలుసు దొంగతనంలో పట్టుకొచ్చిన కుర్రాడు. నా పాత స్టూడెంటు ఒకడు ఏదో పని మీద వచ్చి, నన్ను చూసి, ‘మాస్టారూ మీరిక్కడ...’ అని సగంలో ఆపేశాడు. ఆ సగం మాట నన్ను రెండు వారాలు నిద్రపోనివ్వలేదు. ఇంటికెళ్తే ఇంకో కబురు. కానిస్టేబుల్ వచ్చి, ‘మీ ఆయన ఎవరికైనా తుపాకీ అమ్మారామ్మా’ అని అమ్మని వీధి గుమ్మంలోనే అడిగాడట. ఎదురింటివాళ్ళు కిటికీలో నిలబడి విన్నారు. అమ్మ లోపలికొచ్చి, ‘ఆ దరిద్రాన్ని గోదాట్లో పడెయ్యరా’ అంది.

అదీ కాక ఎస్సై నా దగ్గరున్న ఫొటో చూసి, “గొట్టం కోయించారా? కర్ర దాకా కోసేసినట్టుందే,” అన్నాడు. లైసెన్సు లేకుండా గొట్టం పొట్టి చేయడం నేరం. మూతి దగ్గర ఉక్కు తొడుగు, పైన గురి చూసే సైటు ఉన్నాయి, కోస్తే అవెలా మిగులుతాయి సార్ అన్నాను. రాసుకున్నాడో లేదో తెలీదు.

చివరికి ఏఆర్ ఆర్మరర్‌తో, అంటే ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసుల్లో తుపాకుల బాగోగులు చూసే ఆయనతో, తనిఖీ చేయించమన్నారు. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. పుస్తకం చూసి, “పాయింట్ రెండు ఐదు ఆరు! ఎన్నాళ్ళకి చూశాను బాబూ,” అని నవ్వాడు. ఆ ఒక్క నవ్వుకి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. నేను ఉత్సాహంగా గిలక గురించి, రెండు ట్రిగ్గర్ల గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆయన వింటూనే తుపాకీ తిరగేసి, భుజానికి ఆనే మడమ దగ్గర ఉక్కు పలక మీదున్న చిన్న తలుపు బొటనవేలితో తెరిచాడు. అలాంటి తలుపు ఒకటుందని నాకు తెలీదు. నలభై ఏళ్ళు ఆ పలకకే కుంకుమ పెట్టాను.

లోపలి నుంచి ముక్కలుగా విడదీసిన శుభ్రం చేసే కడ్డీ వచ్చింది. దాని వెనకే రెండు తూటాలు. ఇత్తడి ఆకుపచ్చగా మారిపోయింది, మొన గుండ్రంగా, పొడుగ్గా ఉంది. లెక్కలో లేని తూటాలు, అదీ పోలీసుల ఎదుట! నాకు చెమటలు పట్టాయి. ఆయన మాత్రం తూటాలకి స్కేలు పెట్టి కొలిచి, రాసుకుని, “అప్పట్లో అందరూ ఇక్కడే దాచేవాళ్ళు. డిపాజిట్‌లో కలిపేద్దాం, ఇంకో అఫిడవిట్ ఇవ్వండి,” అన్నాడు. .256, 6.5 ఒకటే బోరని, గొట్టం ఫ్యాక్టరీ పొడవులోనే ఉందని రెండు వాక్యాలు రాసిచ్చాడు. నేను ఆరు నెలలు చెప్పినా ఎక్కనిది ఆ రెండు వాక్యాలతో ఎక్కింది.

మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే దరఖాస్తులో బోరు రెండు రకాలుగానూ రాయండి. నంబరు ఫొటోలు తీసి పెట్టుకోండి. మడమ తలుపు ముందే తెరిచి చూడండి. ‘ఏజెంటు’లని తిరిగేవాళ్ళకి ఒక్క రూపాయి ఇవ్వకండి, నేనిచ్చిన ఎనిమిది వేలు ఏమయ్యాయో ఇప్పటికీ తెలీదు. తుపాకుల షాపుల్లో, ‘గొట్టం కిందున్న కర్ర కోసేస్తే తేలికవుతుంది, పాలిష్ కొట్టి కొత్తదానిలా ఇస్తాం’ అంటారు. ఆ మాట అన్నవాడి దగ్గర్నుంచి తుపాకీ వెంటనే తీసుకొచ్చేయండి. మన తేమకి కర్ర ఉబ్బి గొట్టాన్ని నెడుతుంది, నిజమే. దానికి పొడి బీరువా చాలు, రంపం అక్కర్లేదు.

శుక్రవారం కొత్త లైసెన్సు చేతికిచ్చారు. బోరు గడిలో ‘6.5 / .256’ అని చక్కగా ఉంది. దాని పక్కనే తయారీ పేరు గడిలో ‘మల్లికార్ షోనార్’ అని కొట్టారు. సీట్లో ఆయన, “అన్నీ సరిగ్గా ఉన్నాయా మాస్టారూ?” అన్నాడు. ఉన్నాయి సార్ అని సంతకం పెట్టి, ఆటో ఎక్కాను.