రాతివేత దూరంలో రూమ్

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఎమ్మెస్సీ సీటు వచ్చాక నాకు అసలు టెన్షన్ రూమ్ గురించే. గుంటూరులో కూర్చుని ఫోన్‌లో ప్రకటనలు చూస్తుంటే ఒకదాంట్లో 'ఎ స్టోన్స్ త్రో ఫ్రమ్ ది యూనివర్సిటీ' అని కనిపించింది. రాయి విసిరితే పడేంత దూరం, మన కూతవేటు దూరం లాంటిదే. అది చూసి గేటు ఎదురుగానే ఇల్లని అమ్మకు చెప్పేశాను. రూమ్ వేరేవాళ్లకు ఇవ్వకుండా ఆపి ఉంచడానికి వారం అద్దె హోల్డింగ్ డిపాజిట్ కూడా కట్టేశాను. ఇంగ్లండ్‌లో 2019 నాటి చట్టం ప్రకారం అంతకు మించి అడగకూడదు.

దిగిన మర్నాడు పొద్దున్నే వానలో ఆ ఇంటి నుంచి యూనివర్సిటీకి నడిచాను. 28 నిమిషాలు పట్టింది. సాక్సులు పిండితే నీళ్లు కారాయి. ఏజెంట్‌ను అడిగితే, బస్సుంది కదా, దగ్గరే అన్నాడు. వద్దనుకుంటే నేను కట్టిన డబ్బు తిరిగి రాదు. చాలా బాధేసింది.

ఆ ఇంట్లోనే ఉండే కరీంనగర్ అక్క నన్ను కూర్చోబెట్టి టీ పోసింది. "ప్రకటనల ఆ మాటకు కొలత ఉండదు తమ్ముడూ. ముందు పోస్ట్‌కోడ్ అడగాలె, మ్యాప్‌ల నడక ఎన్ని నిమిషాలో చూసుకోవాలె" అంది. నేను 'స్టోన్స్ త్రో టు' అంటుంటే, 'ఫ్రమ్' అనాలని దిద్దింది కూడా ఆమే. ఈ మాట చోటుకే వాడతారట. పరీక్ష దగ్గరపడిందని చెప్పాలంటే 'రౌండ్ ది కార్నర్' అనాలి.

ఆ రాత్రి అమ్మమ్మకు ఫోన్‌లో ఇదంతా చెప్పాను. "మన బైబిల్లో ఉందిగా నాన్నా!" అంది. లూకా సువార్త 22వ అధ్యాయంలో, ఒలీవల కొండ మీద యేసు శిష్యుల దగ్గర్నుంచి 'రాతివేత దూరము' వెళ్లి మోకాళ్లూనుతాడు. చిన్నప్పటి నుంచి వింటున్న మాటే, ఇంగ్లిషులో చూసి గుర్తుపట్టలేదు. అక్కడ ఆ దూరం నిజంగానే దగ్గర.

కట్టిన ఆ వారం అద్దె వదిలేసుకుని మళ్లీ వెతికాను. ఈసారి ప్రతి ఇంటికీ పోస్ట్‌కోడ్ అడిగాను, నడిచి చూశాకే మాట్లాడాను. ఇంట్లో చేరేటప్పుడు కట్టే అసలు డిపాజిట్ ఐదు వారాల అద్దె మించకుండా, దాన్ని 30 రోజుల్లో ప్రభుత్వ ఆమోదం ఉన్న డిపాజిట్ రక్షణ స్కీమ్‌లో పెట్టేలా చూసుకుని సంతకం చేశాను. ఇప్పటి ఇంటి నుంచి ఏడు నిమిషాల నడక. అమ్మమ్మ ఎంత దూరమని అడిగితే, రాతివేత దూరమేనని చెప్పాను.