పద్మనాభం మెట్ల మీద కార్తీక అమావాస్య

కార్తీకం ఆఖరి రోజు ఎక్కడికి వెళ్దాం అని విశాఖలో ఎవరడిగినా నేను పద్మనాభం పేరే చెబుతాను. గోస్తని నదికి దగ్గర్లో చిన్న ఊరు, ఊరిని ఆనుకునే కొండ, కొండ మీద అనంత పద్మనాభస్వామి, కింద కుంతీమాధవస్వామి. పాండవులు ఇటువైపు వచ్చారని, కుంతీదేవి కొలిచిన మాధవుడే కింద గుడిలో ఉన్నాడని ఊళ్ళో చెబుతారు. పైకి వెళ్ళడానికి పన్నెండు వందలకు పైగా మెట్లున్నాయి. అమావాస్య సాయంత్రం ఆ మెట్ల పొడవునా దీపాలు పెడతారు.

చీకటి పడకముందే జనం వచ్చి మెట్ల మీద చోటు చూసుకుంటారు. ప్రమిదలు, నువ్వుల నూనె, వత్తులు సంచుల్లో తెచ్చుకుంటారు, కొందరు రెండు మూడు మెట్లు తుడిచి ముగ్గు కూడా వేస్తారు. పొద్దు గూకాక ఒక్కో మెట్టు వెలుగుతూ పోతుంటే కొండకు దారి ఎక్కడుందో అప్పుడే తెలిసినట్టు ఉంటుంది. గాలి ఊరుకోదు. మన దీపం ఆరిపోతే పక్కన కూర్చున్న ఆవిడ తన వత్తితో వెలిగిస్తుంది, మనం పై మెట్టు మీద ఎవరిదో వెలిగిస్తాం, కాసేపటికి ఏది ఎవరి దీపమో చెప్పలేం. నాకు ఈ పండుగలో అన్నిటికంటే నచ్చేది ఇదే.

కార్తీక దీపం పెట్టేటప్పుడు చదివే శ్లోకం చాలామందికి నోటికొచ్చు.

కీటాః పతంగాః మశకాశ్చ వృక్షాః
జలే స్థలే యే నివసంతి జీవాః
దృష్ట్వా ప్రదీపం న చ జన్మభాగినః

పురుగులు, మిడతలు, దోమలు, చెట్లు, నీళ్ళలోనూ నేల మీదా ఉండే జీవులు, ఏవైనా సరే ఈ దీపాన్ని చూస్తే వాటికి మళ్ళీ జన్మ లేకుండు గాక అని. ఒక్కసారి ఆగి చూడండి, ఇందులో దీపం పెట్టినవాడి గురించి ఒక్క మాట లేదు. నాకు ఉద్యోగం రావాలి, మా అమ్మాయికి సంబంధం కుదరాలి అనే కోరికలతోనే మనం దీపం పెడతాం, అందులో తప్పేమీ లేదు, కానీ శ్లోకం మాత్రం ఫలాన్ని చూసినవాళ్ళకు ఇచ్చేస్తోంది, అదీ దోమకు, చెట్టుకు.

ఇది అనంతుడి కొండ మీద చదివితే నాకు కౌండిన్యుడు గుర్తొస్తాడు. భాద్రపద శుద్ధ చతుర్దశి నాడు పద్నాలుగు ముళ్ళ తోరం కట్టుకుని చేసే అనంత వ్రతం కథ అందరం విన్నదే, వనవాసంలో ఉన్న ధర్మరాజుకు కృష్ణుడు చెప్పిన కథ. భార్య చేతికున్న తోరాన్ని గర్వంతో నిప్పుల్లో పడేసి, ఉన్నదంతా పోగొట్టుకుని, అడవిలో పడి తిరుగుతాడు కౌండిన్యుడు. కనిపించిన మామిడిచెట్టును, ఆవును, ఎద్దును, చెరువులను, అనంతుణ్ణి చూశారా అని అడుగుతాడు. అవేవీ చూడలేదంటాయి. కథలో ఆ చోటు వచ్చినప్పుడల్లా నాకు ఆ చెట్టు మీద, ఆ చెరువుల మీద జాలేస్తుంది. శ్లోకం సరిగ్గా వాటినే పిలుస్తోంది కదా, చెట్లను, నీళ్ళలో ఉన్నవాటిని, నేల మీద తిరిగేవాటిని! కౌండిన్యుడు అడిగితే చూడలేదన్నవాటికి ఒక సాయంత్రమైనా చూపించడం అని నేను అనుకుంటాను, శాస్త్రం చెప్పిన అర్థం అని అనను, నా మనసుకు తోచింది.

ఈ నేలకు ఇంకో కథ ఉంది, అది పురాణం కాదు. 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామ గజపతి ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి ఇక్కడే చనిపోయాడు. పేష్కష్ (కంపెనీకి కట్టాల్సిన కప్పం) బాకీల గొడవలో కంపెనీ ఆయన్ను మచిలీపట్నం వెళ్ళిపొమ్మంది, ఆయన వెళ్ళకుండా పద్మనాభం వచ్చాడు. ఆయనతో పాటు నిలబడ్డవాళ్ళు చాలామంది అదే రోజు పోయారు. దీపోత్సవానికీ యుద్ధానికీ సంబంధం ఉందని ఎవరూ చెప్పరు, నేనూ చెప్పడం లేదు. కానీ అమావాస్య పితృదేవతల తిథి. మెట్ల మీద కూర్చుని కింద చీకట్లో ఉన్న పొలాల వైపు చూస్తే, రాజు పేరైతే చరిత్రలో ఉంది గానీ ఆయన పక్కన పడిపోయిన బంటులకు తర్పణం వదిలేవాళ్ళు ఎవరైనా మిగిలారా అనిపిస్తుంది. చూసిన ప్రతి జీవికీ అన్నారు కాబట్టి వాళ్ళూ చూడనీ అని దండం పెట్టుకుంటాను.

ఈసారి వెళ్ళేవాళ్ళు నూనె, వత్తులు కాస్త ఎక్కువే తీసుకెళ్ళండి, ఆరిపోయినవి వెలిగించడానికి పనికొస్తాయి. మైనం కొవ్వొత్తులు వద్దు, మట్టి ప్రమిదలే మేలు. ప్లాస్టిక్ కవర్లు, అగ్గిపెట్టెలు తిరిగి సంచిలో వేసుకోండి. దిగేటప్పుడు మెట్ల మీద నూనె ఉంటుంది, పిల్లల చెయ్యి వదలకండి, పట్టు లంగాల కుచ్చిళ్ళు దీపాలకు తగలకుండా ఎత్తి పట్టుకోండి. మర్నాడే పోలి పాడ్యమి, తెల్లవారుజామున అరటిదొప్పల్లో దీపాలు వదిలే అలవాటున్నవాళ్ళు మరీ ఆలస్యం చేయకుండా ఇంటికి బయలుదేరాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను ఎలాగైనా పైకి ఎక్కించాలని టెన్షన్ పడకండి. మొదటి మెట్ల దగ్గరే దీపం పెట్టించి, కుంతీమాధవుడి దర్శనం చేయించి, గుడి బయట ఎక్కడైనా కూర్చోబెట్టండి, కొండ మొత్తం కనిపించేది కూడా అక్కడి నుంచే.