97 ఓటముల ఏడాది

ఆ ఉగాదికి మాకు వేపపువ్వు దొరకలేదు. 1998, బహుధాన్య నామ సంవత్సరం. ఆరిజోనాలో, ఫీనిక్స్ పక్కనే ఉన్న టెంపీలో, రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో నలుగురం ఉండేవాళ్ళం. చేదు కోసం మెంతులు నానబెట్టి పచ్చట్లో కలిపాం. వరంగల్ నుంచి వచ్చిన రూమ్మేట్ ఒక చెంచా నోట్లో వేసుకుని, "అన్నా, ఇది పచ్చడి గాదు, మందు" అన్నాడు. అయినా గిన్నె ఖాళీ చేశాం.

తర్వాతి మంగళవారం, మార్చి 31న ఆఫీసుకి వెళ్తే సగం మంది ఊదారంగు చొక్కాల్లో కనిపించారు. మధ్యాహ్నానికల్లా కుర్చీలు ఖాళీ అయిపోతున్నాయి. ఏదైనా పండగా అని మా టీమ్ లీడ్‌ని అడిగాను. ఆయనకి అరవై దగ్గర పడుతున్నాయి, ముప్పై ఏళ్ళుగా కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాస్తున్నాడు. పేరు పెట్టి పిలవమనేవాడు కానీ రెండు నెలలైనా నాకు నోరు రాలేదు. "ఇవాళ మన ఊరి బేస్‌బాల్ టీమ్ పుడుతోంది" అన్నాడాయన. టీమ్ పుట్టడమేమిటో నాకు అర్థం కాలేదు.

ఆ టీమ్ పేరు ఆరిజోనా డైమండ్‌బ్యాక్స్. డైమండ్‌బ్యాక్ అంటే అక్కడి ఎడారిలో తిరిగే పాము, వీపు మీద వజ్రాల ఆకారంలో మచ్చలుంటాయి, తోక ఆడిస్తే గిలక చప్పుడొస్తుంది. ఆదివారం ఫోన్లో నాన్నకి చెబితే, "పాము పేరు పెట్టుకున్నారా? మంచిదేరా, నాగులచవితికి పుట్ట వెతుక్కోవక్కర్లేదు" అన్నాడు. ఆరిజోనాలో గడియారం ముందుకీ వెనక్కీ జరపరు. ఏడాది పొడుగునా ఇంటికీ మాకూ పన్నెండున్నర గంటల తేడా. ఆదివారం పొద్దున ఎనిమిదికి చేస్తే అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. నాన్న భోజనం చేసి, ఫోనున్న పక్కింటి అరుగు మీద నా కోసం కూర్చుని ఉండేవాడు. కాలింగ్ కార్డులో నిమిషాలు కరిగిపోతుంటే పంటల సంగతి, అప్పు సంగతి అయ్యాక, మిగిలిన ఒకటి రెండు నిమిషాలు ఈ కొత్త ఆటకి వెళ్ళేవి.

టీమ్ ఎలా పుడుతుందో లీడ్ లంచ్‌లో నాప్కిన్ మీద గీసి చెప్పాడు. అమెరికాలో బేస్‌బాల్ పెద్ద పోటీ అయిన మేజర్ లీగ్‌లో అప్పటిదాకా 28 టీములు. 1995లో ఫీనిక్స్‌కీ, ఫ్లోరిడాలోని టాంపా బేకీ కొత్త టీములు ఇస్తామని లీగ్ ప్రకటించింది. ఒక్కో టీముకి చేరిక రుసుమే 13 కోట్ల డాలర్లు. ఇలా చేరిన జట్టుని ఎక్స్‌పాన్షన్ టీమ్ అంటారు. ఫీనిక్స్‌లో బాస్కెట్‌బాల్ టీమ్ నడుపుతున్న జెర్రీ కొలాంజెలో దీనికి పెద్ద. ఒక్క ఆటగాడు కూడా లేకముందే, 1995 చివర్లో, బక్ షోవాల్టర్‌ని మేనేజర్‌గా, అంటే ఆట నడిపించే కోచ్‌గా, పెట్టుకున్నారు. మరి ఆటగాళ్ళు? 1997 నవంబర్‌లో ఫీనిక్స్‌లోనే డ్రాఫ్ట్, అంటే ఆటగాళ్ళని ఏరుకునే కార్యక్రమం, జరిగింది. పాత టీములన్నీ మొదట 15 మంది పేర్లు రాసి, వీళ్ళని మాత్రం ముట్టుకోవద్దని దాచుకోవచ్చు. ఆ జాబితాలో లేనివాళ్ళలోంచి కొత్త టీములు ఏరుకోవాలి. అలా ఒక్కో జట్టు 35 మందిని తీసుకుంది.

నాప్కిన్ మీద ఆ పదిహేను గీతలు చూస్తూ కాసేపు ఊరకుండిపోయాను. నన్ను తీసుకొచ్చిన కన్సల్టింగ్ కంపెనీలోనూ ఇలాంటి జాబితాలే నడిచేవి. ప్రాజెక్టు దొరకనివాళ్ళం గెస్ట్‌హౌస్‌లో బెంచ్ మీద ఉండేవాళ్ళం. ఫోన్ మోగితే ఇంటర్వ్యూ. ఎవరు ఏ ఊరు వెళ్తారో, ఎవరు మిగిలిపోతారో తెలియదు. బెంచ్ మీద ఉన్న అయిదు వారాలకి నాకు జీతం ఇవ్వలేదు. అడిగే ధైర్యమూ నాకు లేదు. కాబట్టి ఎవరో 'అక్కర్లేదు' అనుకున్నవాళ్ళతో కట్టిన జట్టంటే, ఆట తెలియకముందే నాకు దాని మీద మనసు పడింది. అందరూ అలా వచ్చినవాళ్ళేం కాదు, డబ్బు పోసి తెచ్చుకున్న జే బెల్, మ్యాట్ విలియమ్స్ లాంటి పేరున్నవాళ్ళూ ఉన్నారు. నా కళ్ళు మాత్రం ఆ మిగతావాళ్ళ మీదే ఉండేవి.

మొదటి ఆట 9-2తో ఓడిపోయారు. ఓడించింది కొలరాడో రాకీస్, అదీ 1993లో పుట్టిన ఎక్స్‌పాన్షన్ టీమే. ట్రావిస్ లీ అనే కుర్రాడు జట్టు చరిత్రలో మొదటి హిట్ కొట్టాడు, మొదటి హోమ్ రన్నూ (మన సిక్సర్ లాంటిది) అతనిదే. తర్వాత వరసగా ఓటములు. ఐదు ఆటలు పోయాక, ఏప్రిల్ 5న శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ మీద 3-2తో మొదటిసారి గెలిచారు. సోమవారం పొద్దున ఆఫీసులో స్వీట్లు పంచినట్టు డోనట్లు పంచారు. ఐదు ఓడి ఒకటి గెలిస్తే ఇంత సంబరమా అనిపించింది నాకు. సీజన్‌లో 162 ఆటలుంటాయని అప్పటికింకా తెలియదు.

నేను మొదటిసారి స్టేడియంలోకి వెళ్ళింది మే 12న. మాది రెంటచింతల దగ్గర పల్లె. వేసవిలో ఎండల వార్త వస్తే పేపర్లో మా వైపు పేరే ముందుంటుంది. బయట ఎంత ఎండ ఉన్నా లోపల ఆట ఆడించగల స్టేడియం కట్టారంటే చూడాలనిపించింది. బ్యాంక్ వన్ బాల్‌పార్క్‌కి తెరుచుకునే, మూసుకునే పైకప్పు ఉంది. అప్పట్లో లోపల నిజమైన గడ్డి. గడ్డికి ఎండ కావాలి, మనుషులకి చల్లదనం కావాలి. అందుకని పగలంతా కప్పు తీసి ఉంచి, ఆటకి కొన్ని గంటల ముందు మూసేసి ఏసీ వేసేవాళ్ళు. నలభై ఎనిమిది వేల మంది పట్టే చోటు, మా ఇంట్లో వరండాకన్నా చల్లగా ఉంది. అమ్మ ఆ చల్లదనంలో ఒక్క పూట కూర్చుంటే ఎంత బాగుండేదో అనుకున్నాను. ఇప్పటికీ ఆ స్టేడియం గుర్తొస్తే ముందు అదే గుర్తొస్తుంది.

ఆ రోజు ప్రత్యర్థి షికాగో కబ్స్. చుట్టూ చూస్తే సగం జనం షికాగో నీలిరంగులో ఉన్నారు. మా లీడ్ తల మీద కూడా నీలం టోపీయే. ఆయనా షికాగో నుంచి ఇరవై ఏళ్ళ కిందట వచ్చినవాడేనట. ముందు వరసలో కూర్చున్న జంటది అయోవా. వెనక వరసవాళ్ళది మినెసోటా. చలి తప్పించుకోవడానికి వచ్చినవాళ్ళు, పని కోసం వచ్చినవాళ్ళు. నేనొక్కణ్ణే పరాయివాణ్ణని నాలుగు నెలలుగా అనుకుంటున్న నాకు, ఆ ఊరు ఊరే వలస వచ్చినట్టు కనిపించింది. కబ్స్ ఆటగాడు మార్క్ గ్రేస్ కొట్టిన బంతి కుడివైపు కంచె అవతలున్న ఈతకొలనులో పడింది. అవును, స్టేడియంలో ఈతకొలను! అందులో పడ్డ మొదటి హోమ్ రన్ అదే. లీడ్ లేచి చప్పట్లు కొట్టి, తర్వాత కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు.

ఆఖరికి ఆయన చెప్పింది ఇది: "మా టీమ్ చివరిసారి ఛాంపియన్ అయింది 1908లో. మా నాన్న జీవితమంతా ఎదురుచూసి, చూడకుండానే పోయాడు. ఆ టోపీ నాకు ఆయన ఇచ్చిందే, తియ్యలేను. కానీ ఈ కొత్త టీముకి మా నాన్నా లేడు, మీ నాన్నా లేడు. నువ్వూ నేనూ ఒకే రోజు చేరాం."

అమెరికాలో నేను అడుగుపెట్టిన ప్రతిచోటా నాకంటే ముందు వచ్చినవాళ్ళున్నారు. ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో, ఇండియన్ షాపు బిల్లు దగ్గర కూడా. ప్రతి పనికీ ఎవరో ఒకరు ఇలా కాదు అలా అని చెప్పేవాళ్ళు. నేను ఆలస్యంగా రాని చోటు అదొక్కటే.

ఆయన నాకు స్కోరు రాయడం నేర్పాడు. మైదానంలో ప్రతి స్థానానికీ ఒక అంకె. బంతి వేసే పిచర్ 1, బ్యాటర్ వెనక కూర్చుని పట్టే క్యాచర్ 2, సెకండ్, థర్డ్ బేసుల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6. బేస్ అంటే పరిగెత్తేవాడు ఆగే చోటు. షార్ట్‌స్టాప్ నుంచి సెకండ్ బేస్‌కీ, అక్కణ్ణించి ఫస్ట్ బేస్‌కీ బంతి వెళ్ళి ఇద్దరు అవుటైతే 6-4-3. బ్యాటర్ మూడో స్ట్రైక్‌కి బ్యాట్ ఊపకుండా నిలబడిపోయి అవుటైతే 'కె' అక్షరాన్ని తిరగేసి రాస్తారు. కోబాల్ రాసేవాడికి ఆ పుస్తకం ఎంత ఇష్టమవుతుందో చెప్పలేను. బదులుగా నేను ఆయనకి క్రికెట్ నేర్పాను. ఏప్రిల్‌లో షార్జాలో సచిన్ వరసగా 143, 134 కొట్టినప్పుడు మాకు ఆఫీసు వేళ. క్రిక్‌ఇన్ఫో పేజీని మళ్ళీ మళ్ళీ రిఫ్రెష్ చేస్తూ గుండె చిక్కబట్టుకుని కూర్చున్నాను. ఆయన నా వెనక నిలబడి, ఇసుక తుఫానుకి ఆట ఆగిందంటే మాత్రం వెంటనే తలూపాడు. ఎడారిలో ఉన్నవాళ్ళకి అది చెప్పక్కర్లేదు.

మేం చేస్తున్నది వైటుకె పని, అంటే 2000 సంవత్సరానికి కంప్యూటర్లని సిద్ధం చెయ్యడం. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే ఉండేవి, 98 అంటే 1998 అని. 00 వచ్చేసరికి లెక్కంతా తప్పుతుంది. ఆ రెండంకెల్ని నాలుగు చెయ్యడాన్ని డేట్ ఎక్స్‌పాన్షన్ అనేవాళ్ళం. జూన్‌లో నేనొక ఫైల్లో అలా నాలుగంకెలు చేశాను. అదే ఫైల్ని చదివే ఇంకో ప్రోగ్రాం సంగతి చూసుకోలేదు. రికార్డు రెండు అక్షరాలు పక్కకి జరిగింది, అంకెలుండాల్సిన చోట అక్షరాలొచ్చాయి, రాత్రి రెండింటికి బ్యాచ్ జాబ్, అంటే రాత్రిపూట దానంతటదే నడిచే పని, ఎస్-జీరో-సి-సెవెన్ అనే ఎర్రర్‌తో పడిపోయింది. ఫోన్ రాగానే చేతులు చల్లబడ్డాయి. ప్రాజెక్టు పోతే వీసా, వీసా పోతే అప్పు. కారులో వెళ్తున్నంతసేపూ ఇంటికి ఏం చెప్పాలా అనే టెన్షన్. లీడ్ అప్పటికే వచ్చి ఉన్నాడు. ఇద్దరం కలిసి తెల్లారేలోగా సరిచేశాం.

పొద్దున మీటింగులో తప్పెవరిదని అడిగారు. నేను నోరు తెరిచేలోగా ఆయన బోర్డు మీద నా పేరు రాసి పక్కన 'ఇ' అని రాశాడు. నా ప్రాణం పోయినంత పనైంది. తర్వాత అదే వరసలో, ఆ నెలలో నేను సరిచేసిన ప్రోగ్రాముల సంఖ్య 41 అని రాసి, తర్వాతి విషయానికి వెళ్ళిపోయాడు. బేస్‌బాల్ స్కోరుబోర్డు మీద పరుగులు, హిట్లు, వాటి పక్కనే 'ఇ' కింద ఎర్రర్లు కూడా అందరికీ కనిపించేలా వేస్తారు. ఎర్రర్ చేసిన మనిషి తర్వాతి ఇన్నింగ్స్‌లో మళ్ళీ అదే చోట నిలబడి ఉంటాడు. తప్పంటే దాచుకోవాలి, లేకపోతే ఇంకొకరి మీదకి తోసెయ్యాలి అన్న వాతావరణంలో చదువుకుని వచ్చినవాణ్ణి నేను. ఆ 'ఇ' అక్షరం నా మీద చేసిన పని ఇంకే ట్రైనింగూ చెయ్యలేదు.

షోవాల్టర్ ఎత్తు ఒకటి ఆ ఏడాదంతా మాట్లాడుకున్నాం. మే 28న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆట. తొమ్మిదో, అంటే ఆఖరి ఇన్నింగ్స్, ఇద్దరు అవుట్, ఇంకొక్కరు అవుటైతే చాలు, మనవాళ్ళు 8-6తో ముందున్నారు, మూడు బేసుల మీదా జెయింట్స్ మనుషులున్నారు. బ్యాటింగ్‌కి వచ్చింది బ్యారీ బాండ్స్. షోవాల్టర్ అతనికి కావాలనే బంతులు దూరంగా వేయించి వాక్ ఇచ్చేశాడు, అంటే కొట్టకుండానే ఫస్ట్ బేస్‌కి వెళ్ళనిచ్చాడు. బేసులన్నీ నిండి ఉన్నాయి కాబట్టి అందరూ ఒక్కో బేస్ ముందుకి జరుగుతారు, ప్రత్యర్థికి చేతులారా ఒక పరుగు ఇచ్చినట్టే. 8-7. తర్వాతి బ్యాటర్ బ్రెంట్ మేన్ కొట్టిన బంతి నేరుగా రైట్ ఫీల్డర్ చేతిలో పడింది. గెలిచారు. మర్నాడు ఆఫీసులో ఇది పిరికితనమా, తెలివా అని రెండు వర్గాలయ్యాయి. నేను తెలివి వైపు. బలహీనమైన జట్టు తన బలహీనత తెలుసుకుని ఆడితే దాన్ని పిరికితనమనడం నాకు ఇప్పటికీ నచ్చదు.

ఆ మే నెలలోనే హెచ్-1బి కోటా 65,000 అయిపోయింది. మా వరంగల్ తమ్ముడి చిన్నాన్న కొడుకు ఉద్యోగం మానేసి, పెట్టె సర్దుకుని, అక్టోబర్ దాకా హైదరాబాద్‌లో ఆగిపోయాడు.

వేసవంతా టీమ్ ఓడుతూనే ఉంది. ఊరు మాత్రం వస్తూనే ఉంది. ఆ సీజన్లో 36 లక్షలకు పైగా టికెట్లు తెగాయి. చివరికి 65 గెలుపులు, 97 ఓటములు, డివిజన్లో ఆఖరి స్థానం. మరుసటి ఏడాదే వంద ఆటలు గెలిచారు, 2001లో న్యూయార్క్ యాంకీస్‌ని ఓడించి ఛాంపియన్లయ్యారు. అప్పుడు ఊరంతా కేకలు వేసింది, నేనూ వేశాను. కానీ నా పెట్టెలో దాచుకున్న స్కోరు పుస్తకం 1998దే. అందులో పెన్సిల్ గీతలు కొన్ని నావి, కొన్ని ఆయనవి.

సెప్టెంబర్‌లో మా అపార్ట్‌మెంట్‌కి ఒక కొత్త కుర్రాడొచ్చాడు, విజయవాడ వాడు. వీసా కోటా నిండకముందే సంపాదించుకున్న అదృష్టవంతుడు. వచ్చిన మూడో రోజు స్టేడియంకి తీసుకెళ్ళాం, పైన ఆఖరి వరసల్లో చవక టికెట్లు. జెట్‌లాగ్‌తో కళ్ళు మూసుకుపోతున్నా, నేను రాస్తున్న అంకెల్ని వింతగా చూశాడు. టీమ్ నాలుగు పరుగులు వెనకబడి ఉంది. "వీళ్ళు ఎప్పుడైనా గెలుస్తారా అన్నా?" అన్నాడు. గెలుస్తారని చెప్పాను. కాసేపాగి, "మీరు ఎప్పట్నించి చూస్తున్నారు?" అని అడిగాడు.

"మొదట్నించీ" అని చెప్పి, అతని చేతికి పెన్సిల్ ఇచ్చాను.